బందరు సీమలో ఆంగ్ల వ్యాకరణము

1611వ సంవత్సరమున ఈస్టిండియా కంపెనీవారు బందరనబడు మచిలీపట్టణమున వర్తకస్థావరము నెలకొల్పిన నాటనుండియు ఈ తీరమున ఆంగ్లము వినబడుచునే యున్నది. అద్దకపు వస్త్రముల బేరము సాగించిన దుబాసీలకు భావము చేరిన చాలును. తప్పొప్పుల విచారము పాఠశాలతో వచ్చినది. చర్చి మిషనరీ సొసైటీ పక్షమున 1841లో బందరు చేరిన రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన బడియే కాలక్రమమున నోబుల్ కళాశాలయైనది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసి, దాని ప్రవేశపరీక్ష సర్కారు కొలువులకు ద్వారమైన పిదప, ఆంగ్లవాక్యమున ఏ పదమెచ్చట నిలువవలెనను ప్రశ్న ఎన్నియో కుటుంబముల జీవనప్రశ్నయైనది.

ఆనాటి ఆంగ్ల వ్యాకరణసంప్రదాయము 1762లో లౌత్, 1795లో లిండ్లీ మర్రే రచించిన గ్రంథముల వెంట నడచినది. వారు లాటిను వ్యాకరణమును ప్రమాణముగా గైకొనిరి. లాటినువలెనే విభక్తులుగల తెలుగు మాటాడు బాలునకు ఆ మార్గమున అసలు చిక్కు విప్పిచెప్పువారు అరుదైరి. "రాముడు రావణుని చంపెను" అన్నను, "రావణుని రాముడు చంపెను" అన్నను మనకు అర్థము చెడదు. కర్మను "ని" కాపాడును. ఆంగ్లమున పేర్లు రెండును స్థానములు మార్చుకొన్నచో రావణుడే హంతయగును. వేయేండ్లక్రిందట ఆంగ్లమునకును విభక్తి ప్రత్యయములు సమృద్ధిగా నుండెను. అవి క్రమముగా అరిగిపోగా వాటి భారమంతయు పదక్రమముమీద పడినది. ఈ చరిత్ర తెలిసిన విద్యార్థికి క్రమనియమము నిర్బంధముగాక న్యాయముగా తోచును.

రెండు భాషలను ప్రక్కప్రక్కన నిలుపు పద్ధతి మనకు దొరకనిది కాదు. దొరలకు తెలుగు నేర్పుటకై కాంబెల్ 1816లోను, బందరున కొలువుచేసిన బ్రౌను 1840లోను ఆంగ్లమున తెలుగు వ్యాకరణములు వెలయించిరి. వారికి లభించిన ఆ సదుపాయము మన పిల్లలకు ఆంగ్లము నేర్పునప్పుడు తగినంత లభింపకపోవుట నాకు మిక్కిలి విచారము గొల్పుచున్నది.

1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు బందరున స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువునకు మరియొక త్రోవ చూపినను, ఉద్యోగార్థుల ప్రవాహము పరీక్షలవైపే సాగినది. 1935 తరువాత రెన్, మార్టినుల వ్యాకరణము ఇంటింట ప్రవేశించినది. 1950లో గుడివాడయందు, నేడు అక్కినేని నాగేశ్వరరావు పేర నున్న కళాశాల ఏర్పడగా, చుట్టుపట్ల రైతుబిడ్డలకు పట్టపుచదువు చేరువయైనది. అట్టి తరగతులలో "ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే" అను విద్యార్థిని దండించుట సులభము. "నిన్న చూచితిని", "ఇదివరకే చూచితిని" అనుచోట్ల తెలుగునకు క్రియారూప మొక్కటియే చాలుననియు, ఆంగ్లమునకు రెండు కావలెననియు చూపుట ఉపాధ్యాయుని ధర్మము.

నేడు దివిసీమలోని అవనిగడ్డ ఉపాధ్యాయ నియామకపు డీయస్సీ శిక్షణకు పేరుగాంచినది. రాష్ట్రము నలుమూలలనుండి వచ్చిన యువతీయువకులు అచ్చట వ్యాకరణమును బిట్లు బిట్లుగా అభ్యసించుచున్నారు. వారి శ్రమయెడల నాకు గౌరవము కలదు. అయినను నాలుగు సమాధానములలో ఒప్పును గుర్తించుట వేరు, దాని కారణమును పిల్లవానికి బోధించుట వేరు. "వేర్ ఈజ్ హి?" అనునది ఒప్పయినప్పుడు "టెల్ మీ వేర్ ఈజ్ హి" ఏల తప్పు? తెలుగున "అతడెక్కడ ఉన్నాడు?" అను ప్రశ్న వాక్యగర్భమున చేరగానే "అతడెక్కడ ఉన్నాడో చెప్పుము" అగును, క్రమము కదలదు, చివర ఓకారము మాత్రము చేరును. మనకు ఆ ఓకారము చేయు పనిని ఆంగ్లము "హి", "ఈజ్" అను రెండు పదముల క్రమమును తిరిగి సరిచేసి "టెల్ మీ వేర్ హి ఈజ్" అని సాధించుకొనుచున్నది.