గప్పీ మీనముల వర్ణభేదము: తత్కారణాన్వేషణ చరిత్రము

ఒకే జాతి చేపలు ఒకే సెలయేటిలో, ఒక జలపాతమునకు ఎగువను దిగువను నివసించుచు, దిగువ మడుగున మసకబాఱియు ఎగువ మడుగున రత్నములు చల్లినట్లును గానవచ్చుటకు హేతువేమి? ఈ ప్రశ్నమునకు సమాధానము వెదకిన ప్రకృతిశాస్త్రజ్ఞులలో పలువురి దృష్టి వెస్టిండీసు దీవులలో నొకటియగు ట్రినిడాడు నందలి యొక యల్పమత్స్యముపై నిలిచినది. దానికి లోకమున గప్పీ యని వాడుక. శాస్త్రనామము పొయిసీలియా రెటిక్యులేటా. మగచేప యించుమించుగా నంగుళము పొడవుండును. ఆడుచేప అంతకంటె పెద్దదియు, బూడిదవన్నె గలదియు, నిరలంకారమునై యుండును. మగవాని మేనిపై నారింజ, నలుపు, నీలము, పచ్చ మొదలగు వన్నెల మచ్చలు గలవు. ఒక మడుగునుండి నూఱు మగచేపలను బట్టినను, ఒకదాని మచ్చలకూర్పు వేఱొకదానితో సరిపోవుట యరుదు. ఈ జాతి గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. ఏడాదిలో పలు తరములు గడచును. పరిశోధకుల కిది మిక్కిలి యనుకూలించిన గుణము.

ఈ చేపకు నామకరణము పలుమాఱులు జరిగినది. 1859లో బెర్లిను పండితుడు పీటర్సు వెనెజులా దేశమునుండి వచ్చిన చేపలను జూచి రెటిక్యులేటా యని పేరిడెను. 1861లో ఇటలీ పండితుడు డి ఫిలిప్పి బార్బడోసు దీవి చేపలకు లెబిస్టెసు పొయిసీలియాయిడెసు అని వేఱొక నామ మొసగెను. 1866లో బ్రిటిషు మ్యూజియమునందలి గుంథరు, ట్రినిడాడునుండి తనకు జేరిన చేపలకు, వానిని బంపిన రాబర్టు జాన్ లెచ్‌మియర్ గప్పీ పేరనే గిరార్డినసు గప్పియై యని మఱియొక నామము గల్పించెను. ఈ గప్పీ (1836-1916) భూగర్భశాస్త్రమున నాసక్తుడు. ఆ దీవిలో పాఠశాలల ప్రధాన పరీక్షాధికారిగా పనిచేసినవాడు. 1913లో రీగను ఈ శాఖలను సవరించి లెబిస్టెసు రెటిక్యులేటసు అనెను; 1963లో రోజెను, బెయిలీ యనువారు మరల పొయిసీలియాలో జేర్చిరి. శాస్త్రగ్రంథములనుండి గప్పీ పేరు తొలగినను జనుల నోట మాత్ర మదియే నిలిచిపోయినది. మగచేప ఆడుదానిని బోలక, మగచేపలలో నొకటి మఱియొకదానిని బోలక యుండగా, సీసాలో వన్నె వెలిసిన నాలుగు కళేబరములను మాత్రమే చూచువారికి జాత్యైక్యము దోపకుండుట వింత కాదు.

నామవిచారము ముగియకమున్నే యింతకంటె గంభీరమైన వివాద మొకటి యారంభమైనది. డార్విను 1871లో ప్రకటించిన మానవావతరణ గ్రంథమున, మగజంతువుల యందలి మేలివన్నెలు ఆడుజంతువుల వరణమువలన గలిగినవని వాదించెను. ఆ గ్రంథమున చేపలకును చోటు గలదు. వాలెసు ఈ మతము నంగీకరింపలేదు. 1889లో వెలువడిన తన గ్రంథమున నతడు, వన్నె ప్రధానముగా శత్రువుల కంటబడకుండుటకు సంబంధించినదనియు, ఆడుజంతువుల సౌందర్యాభిరుచికి తగిన నిదర్శనము లేదనియు బలికెను. చేప వన్నె ప్రియురాలి కన్నునకా, శత్రువు కన్నునకా? ఉభయుల వాదమును ప్రౌఢమైనదే. కాని దానిని దేల్చుటకు వలసినది తర్కము కాదు, పరీక్ష.

డెన్మార్కు దేశీయులు వేఱొక వైపునుండి ఈ విషయమును జేరిరి. 1920లో యొహానెసు ష్మిట్ ఒక మగగప్పీ వీపురెక్కపై నున్న నల్లమచ్చ తండ్రినుండి కుమారులకు మాత్రమే సంక్రమించుటను గనిపెట్టెను. తండ్రినుండి కుమారునికే దక్కు వై అను క్రోమోజోము ద్వారా గుణములు సంక్రమించునని స్పష్టముగా దెలిపిన తొలి నిదర్శనములలో నిది యొకటి. ఆయన యనంతరము వింగె 1922 మొదలు ఈ పనిని విస్తరించి, 1927 నాటికి 18 జన్యువుల స్థానములను నిర్ణయించెను. అందు అధికభాగము మచ్చల వన్నెలకు సంబంధించినవియే. మన తార్కికుల పరిభాషలో జెప్పవలెనన్న, వీరు కుండకు మట్టి యెక్కడిదో చూపిరి; కుమ్మరి యెవడో చూపలేదు. వర్ణము సంక్రమించు తెఱగు తెలిసినది గాని, ఒక మడుగున నట్లును మఱొక మడుగున నిట్లును ఏల యున్నదో తెలియలేదు.

దానికి చేప పుట్టిన నేలకే పోవలసివచ్చినది. ట్రినిడాడు ఉత్తరభాగమున తూర్పుపడమరలుగా నొక పర్వతశ్రేణి గలదు. దాని దక్షిణపు వాలున దిగు సెలయేళ్లలో గొన్ని కరోనీ నదిలో గలిసి పడమటికిని, మఱికొన్ని ఒరొపూచి నదిలో గలిసి తూర్పునకును బాఱును. (కరోనీ మైదానమందలి చెఱకుతోటలలో 1845 మొదలు 1917 వఱకు ఓడలపై వచ్చిన భారతీయ కూలీలు పనిచేసిరి, ఆ వచ్చినవారిలో మదరాసు రేవున నోడ యెక్కినవారును గలరు.) ఈ సెలయేళ్లకు అడుగడుగున జలపాతములు. దిగువనుండు పెద్దచేపలు వాని నెక్కలేవు. అందుచే క్రిందిమడుగులలో గప్పీకి క్రూరశత్రువులు గలవు. క్రెనిసిక్లా యనునది వానిలో ముఖ్యము. హోప్లియాసు మలబారికసు అనునది మఱియొకటి. ఈ రెండవదాని పేరు జూచి మలబారు చేప యని భ్రమపడరాదు. అది దక్షిణామెరికాదే, 1794లో బ్లాకు అను జర్మను పండితుడు జన్మదేశము పొరబడి పెట్టిన పేరది. జలపాతములకు పైని రివ్యులసు అను చిన్నచేప యొక్కటియే తఱచుగా గప్పీకి పొరుగున నుండును. అదియు ప్రధానముగా పిల్లచేపలను దినునుగాని, యెదిగినవాని జోలికి మిక్కిలి పోదు.

ఈ ప్రకృతిసిద్ధమైన యేర్పాటును గుర్తించి తొలుత శ్రద్ధగా పరిశీలించినవారు అమెరికా దేశీయులగు కారిల్ హాస్కిన్సు (1908-2001) దంపతులు. క్రెనిసిక్లా యున్నచోట మగగప్పీలు మసకగాను, లేనిచోట మెఱయుచు నుండుట వారు 1961లో ప్రకటితమైన వ్యాసమున వివరించిరి. అయినను ఇది సహచారమాత్రము. ఎగువనీరు చల్లన, చెట్లనీడ దట్టము, ప్రవాహము సన్నము. వన్నెకు హేతువు వీనిలో నేదేని కావచ్చును. శత్రుసంబంధము కాకతాళీయమనువారికి నోరు మూయించు నాధారము లేకపోయెను.

ఆ యాధారమును సమకూర్చినవాడు జాన్ ఎండ్లరు. అతడు పలు సెలయేళ్ల గప్పీలను బట్టి, మచ్చల సంఖ్యను, పరిమాణమును, వన్నెను కొలిచి లెక్కించెను. శత్రుభయ మధికమైనకొలది మచ్చలు తఱుగుటయు చిన్నవగుటయు రూఢమైనది. పిమ్మట ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున నొక గాజుగృహములో 10 కొలనులను నిర్మించెను. అడుగున వన్నెవన్నెల గులకరాళ్లు పఱపించెను: కొన్నిట పెద్దవి, కొన్నిట సన్ననివి. వేర్వేఱు తావుల గప్పీలను గలిపి కొలనులలో విడిచి, అవి వృద్ధిపొందినపిదప కొన్నిట క్రెనిసిక్లాను, కొన్నిట రివ్యులసును జేర్చి, కొన్నిటిని శత్రురహితముగా నుంచెను.

ఫలితములు 1980లో వెలువడినవి. క్రెనిసిక్లా యున్న కొలనులలో తరతరమునకు మచ్చల సంఖ్య తగ్గెను, తక్కినవానిలో హెచ్చెను. నీడయు చల్లదనమును అన్నిటికి సమానమే గనుక, పూర్వపక్షుల సందేహమునకు తావు లేకపోయెను. కాని యింతకంటె చమత్కారమైన విశేషము గులకరాళ్లది. శత్రువున్న కొలనులలో, పెద్దరాళ్లపై పెద్దమచ్చల చేపలును, సన్నరాళ్లపై చిన్నమచ్చల చేపలును మిగిలినవి. అనగా నేలతో గలిసిపోవునవే బ్రదికినవి. శత్రువు లేనిచోట దీనికి సరిగా విపర్యయము: పెద్దరాళ్లపై చిన్నమచ్చలు, సన్నరాళ్లపై పెద్దమచ్చలు పెరిగినవి. అచ్చట నేలతో గలియక యెక్కువగా గంటబడునదే యాడుచేపను జేరగలిగినది. ఒకే మేని మచ్చను రెండు కన్నులు రెండు దిక్కులకు లాగుచున్నవనుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము దొరకుట కష్టము.

1976లో నతడు అరిపో నదిలో క్రెనిసిక్లా యున్నచోటినుండి 200 గప్పీలను గొనిపోయి, అంతవఱకు గప్పీలే లేక రివ్యులసు మాత్రముండిన యొక యుపనదిలో విడిచెను. 1978లో, ఇంచుమించుగా 15 తరములు గడచిన తరువాత, వాని సంతతి మచ్చలు సంఖ్యలోను పరిమాణములోను హెచ్చియుండెను. ఇది యొక్క తావున నొక్కమాఱు జరిగిన ప్రయోగము. దీని నొక్కదానినే ప్రమాణముగా గొనరాదు. కొలనుల ఫలితముతో గలిపి చూచినప్పుడే దీనికి బలము. ప్రకృతివరణము యుగములకు గాని ఫలింపదని తలచువారికి రెండేండ్ల యీ మార్పు నమ్మశక్యము కానిదయ్యెను.

శత్రువు సంగతి యిట్లు తేలగా, ప్రియురాలి సంగతి మిగిలినది. 1987లో ఆన్ హౌడు ట్రినిడాడు గప్పీలపై పరీక్షలు జరిపి, ఆడుచేపలు నారింజవన్నె అధికముగా నున్న మగచేపలను గోరునని చూపెను. 1995లో నామెయు ఎండ్లరును గలిసి, అన్ని సెలయేళ్ల ఆడుచేపల యభిరుచి యొక్కటి కాదనియు చూపిరి. నారింజవన్నెకు మూలమైన కెరోటినాయిడులను చేప స్వయముగా జేసికొనలేదు. నాచు మొదలగు నాహారమునుండియే పొందవలెను. దట్టమైన యడవిలో వెలుతురు తక్కువ, నాచు తక్కువ. కావున ఈ వన్నెయు కొఱతపడును. డ్రొసాప్టెరిన్ అను నెఱ్ఱని పదార్థమునైతే చేప తన మేననే తయారుచేసికొనగలదు. తిండిలో లోపించిన వన్నెను దీనితో బూరించుకొనునని తలచుట సహజము. 2001లో గ్రెథరు ప్రభృతులు ప్రకటించిన ఫలిత మిందుకు విరుద్ధము: నాచు సమృద్ధిగా నున్న యేళ్ల చేపలే డ్రొసాప్టెరినును గూడ నధికముగా జేసికొనుచున్నవి. మచ్చ కొలతకంటె రెండు పదార్థముల పాలు చెడకుండుటయే, అనగా నారింజచాయ మాఱకుండుటయే, ఇచట ప్రధానమైనట్లున్నది.

డార్విను వాలెసులలో నెవరి పక్షము గెలిచినదని యడుగువారికి, ఎగువమడుగున డార్వినుది, దిగువమడుగున వాలెసుది యని చెప్పిన నంతగా తప్పు గాదు.

అయినను ఒకే మడుగున, ఒకే శత్రువు నెదుట, ఒకే జాతి ఆడుచేపల నడుమ నింతటి వైవిధ్య మేల నిలిచియున్నది? ఉత్తమమైన కూర్పు ఒకటి గలదేని తక్కినవి నశింపవలెను గదా. 2006లో ఓలెండార్ఫు, హ్యూజెసు, రెజ్నికు మున్నగువారు ప్రకృతిసిద్ధమైన మడుగులలోనే మగచేపల కూర్పులను మార్చి, ఒకచోట నొక రకమును, వేఱొకచోట మఱియొక రకమును అరుదుగావించిరి. ఏ రకము అరుదో అదియే యెక్కువగా బ్రదికినది. వేటచేప తఱచుగా చూచిన రూపమునకే కన్ను మరగునని దీనికి వ్యాఖ్యానము చెప్పబడుచున్నది. అరుదైనది వర్ధిల్లి సామాన్యమగును. సామాన్యమైన వెంటనే దాని రక్షణ పోవును. అంతట వేఱొకటి తలయెత్తును.

గప్పీ నేడు ట్రినిడాడునకు మాత్రమే చెందినది కాదు. 20వ శతాబ్ది యారంభకాలమున భారతదేశమునకును దేబడి, దోమపిల్లలను దినుటకై చెఱువులలోను బావులలోను విడువబడినది. తెలుగునాట గంబూసియా చేపతోపాటు దీనిని మురుగుకాలువలలో విడుచుట కలదు. స్వస్థానముననే దాని చరిత్రను మానవుడు మార్చిన తావును గలదు. 1957లో హాస్కిన్సు కరోనీ పరీవాహమునకు జెందిన 200 గప్పీలను, ఒరొపూచిలో గలియు టురూరే నది యెగువభాగమున, గప్పీలు లేనిచోట విడిచెను. ఈ రెండు నదుల గప్పీలు జన్యురీత్యా చిరకాలముగా వేఱైనవి. 1990 తరువాతి దశకమున పరీక్షింపగా, వలసవచ్చినవాని సంతతి జలపాతములను దాటి దిగువకు వ్యాపించి, స్థానికులతో గలిసి, టురూరేలో పెక్కుచోట్ల స్థానిక వంశపు గుఱుతులను దాదాపుగా తుడిచివేసినట్లు తేలినది.