నెత్తురిచ్చినవాళ్ల ప్రశ్న

మూలపేటలో సముద్రాన్ని కుడిపక్కన పెట్టుకుని ఉత్తరానికి పోతే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి. కొబ్బరి, జీడి, పనస తోటలు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఇక్కడ ఇద్దరు కలిస్తే క్షేమసమాచారాల్లో క్రియాటినిన్ అంకె కూడా దొర్లుతుంది.

షుగరూ బీపీ లేనివాళ్ల కిడ్నీలు కూడా ఎందుకు పాడవుతున్నాయో తేల్చడానికి ఏళ్లుగా డాక్టర్లు వస్తూనే ఉన్నారు. నెత్తురు, మూత్రం, బావినీళ్లు పట్టుకెళ్తున్నారు. 2020లో వచ్చిన ఒక అధ్యయనం 67 ఊళ్లలో 2,400 మందిని పరీక్షించి, నూటికి 21 మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని లెక్క తేల్చింది. కారణం మాత్రం తేలలేదు. ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ వచ్చిందంటే అది జన్యువా, ఇద్దరూ తాగిన బావా, ఇద్దరూ ఎండలో చేసిన కూలిపనా? కుటుంబం అన్నిటినీ కలిపే పంచుతుంది మరి.

సరిగ్గా ఇదే చిక్కు ఆటిజం చరిత్రలోనూ ఉంది. అక్కడ చాలాకాలం నింద తల్లి మీద పడింది, ఆవిడ ప్రేమగా పెంచకపోవడమే కారణమని. 1977లో సూసన్ ఫోల్‌స్టైన్, మైఖేల్ రట్టర్ కేవలం 21 జతల కవలల్ని చూసి, ఇందులో వంశపారంపర్యం ఉందని చూపించారు. ఇరవయ్యొక్క కుటుంబాలు ఒప్పుకుంటే ఎందరు తల్లుల మీది నింద సడలిందో!

తర్వాత కథ ఇంకా ఆసక్తికరం. లాస్ ఏంజెలెస్‌లో జాన్ షెస్టాక్, పోర్షియా ఐవర్సన్ అనే దంపతులకి ఆటిజం ఉన్న కొడుకు. పరిశోధకులు ఎవరి నమూనాలు వాళ్లే దాచుకుంటున్నారని చూసి, 1997లో తల్లిదండ్రుల సంస్థ తరఫున సొంతంగా ఒక జన్యు బ్యాంకే పెట్టారు. అర్హత ఉన్న ఏ శాస్త్రవేత్తయినా వాడుకోవచ్చు. షెస్టాక్ సినిమా నిర్మాత, పరిచయాలున్న మనిషి. కవిటి కొబ్బరితోటలో కూలికి ఆ వీలెక్కడిది?

అలాగని తల్లిదండ్రులు అడిగితే సరిపోతుందా అంటే, అదీ కాదు. 2021లో బ్రిటన్‌లో 10,000 మంది డీఎన్‌ఏ సేకరించే ‘స్పెక్ట్రమ్ 10కె’ మొదలైన కొద్ది వారాలకే ఆగింది. అడ్డుపడింది ఆటిజం ఉన్నవాళ్లే. మా జన్యువులతో రేపు ఏం చేస్తారో చెప్పండి అన్నారు.

2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అంటే నెత్తురు తీసేవాళ్లు మళ్లీ వస్తారు, రావాలి కూడా. సీసా మీద నంబరు వేసేలోపు వాకిట్లో కూర్చున్న ముసలమ్మ అడగాల్సింది ఒకటుంది: ఇది ఎక్కడికి పోతాది బాబూ, తేలిందేటో నాకెప్పుడు సెప్తారు?