బీగిల్ జలసంధి వివాదములో పోపు మధ్యవర్తిత్వము (1978–1984): ఒక చారిత్రక పరిశీలన

సంఘము రాజ్యాల తగవులలో తలదూర్చవచ్చునా అనే ప్రశ్న సంస్కరణోద్యమ సంప్రదాయములో పెరిగిన మనకు కొత్త కాదు. రాజులకు కిరీటాలు పెట్టి, అవసరమైతే తీసివేసిన మధ్యయుగపు పోపుల చరిత్రను మనము విమర్శనాత్మకముగానే చదువుతాము. 1493లో పోపు ఆరవ అలెగ్జాండరు అట్లాంటిక్ సముద్రము మీద ఒక గీత నిర్ణయించి, దాని ఆవలి భూములను స్పెయినుకు అప్పగించాడు. ఆ భూములలో తరతరాలుగా నివసించే ప్రజలను ఎవరూ అడగలేదు. అయితే దాదాపు 500 సంవత్సరాల తరువాత, అదే ఖండములో, అదే పీఠము రెండు దేశాల మధ్య యుద్ధము జరగకుండా ఆపగలిగింది. ఈ మధ్యకాలములో ఏమి మారింది? ఈ వ్యాసములో మేము పరిశీలించేది ఇదే.

వివాదము

దక్షిణ అమెరికా దక్షిణపు కొసన, అర్జెంటీనా, చిలీ దేశాల సరిహద్దులో బీగిల్ జలసంధి ఉన్నది. దాని తూర్పు ముఖద్వారము దగ్గర పిక్టన్, లెనాక్స్, నువేవా అనే మూడు ద్వీపాలున్నాయి. 1881 నాటి సరిహద్దు ఒప్పందానికి ఇరు దేశాలు వేర్వేరు అర్థాలు చెప్పుకోవడముతో అవి ఎవరివన్నది తేలలేదు. ద్వీపాలు చిన్నవే. కాని అవి ఎవరి చేతిలో ఉంటే చుట్టూ ఉన్న సముద్రము మీద వారికి హక్కు వస్తుంది. మన పల్లెలలో జానెడు నేల కోసము మొదలైన గట్టు తగాదా తరాలు సాగినట్లే ఇదీ సాగింది.

1971లో ఇరు దేశాలు బ్రిటిషు రాజరికపు ఆధ్వర్యములో మధ్యవర్తుల తీర్పుకు ఒప్పుకున్నాయి. అంతర్జాతీయ న్యాయస్థానమునకు చెందిన అయిదుగురు న్యాయమూర్తులు విచారించి, ద్వీపాలు చిలీవేనని తేల్చారు. 1977లో ఈ తీర్పు వెలువడగా, 1978 జనవరిలో అర్జెంటీనా అది చెల్లదని ప్రకటించింది. అప్పటికి రెండు దేశాలూ సైనిక పాలనలోనే ఉన్నాయి: అక్కడ జనరల్ విదేలా, ఇక్కడ జనరల్ పినోచె. శాంతికి గురుతుగా 1904లో ఆండీస్ పర్వతాల సరిహద్దు మీద ఇరు దేశాలవారు నిలిపిన క్రీస్తు విగ్రహము అక్కడే ఉండగా, రెండు కతోలిక దేశాల సేనలు ఎదురెదురుగా మోహరించాయి.

మధ్యవర్తిత్వము

1978 డిసెంబరు 12న ఇరు దేశాల విదేశాంగ మంత్రులు మధ్యవర్తిగా పోపు పేరుకు సమ్మతించినా, అర్జెంటీనా సేనాధిపతులు దానిని త్రోసిపుచ్చారు. డిసెంబరు 22న దాడికి సిద్ధమయ్యారు. పదవిలోకి వచ్చి రెండు నెలలే అయిన పోపు రెండవ జాన్ పాల్ ఆ రోజే తన ప్రతినిధిని పంపుతున్నట్లు తెలియజేశారు. దాడి నిలిచిపోయింది. డెబ్బది మూడేండ్ల కార్డినల్ ఆంటోనియో సమొరే డిసెంబరు 26న బ్యూనస్ ఎయిరీస్ చేరి, రెండు రాజధానుల మధ్య తిరిగారు. 1979 జనవరి 8న ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో ఇరు పక్షాలు సంతకాలు చేశాయి. బలప్రయోగము చేయబోమని మాట ఇచ్చి, మధ్యవర్తిత్వము వహించమని పోపును కోరాయి.

ఆ తరువాత దాదాపు ఆరేండ్లు పట్టింది. 1980 డిసెంబరులో పోపు ఇచ్చిన ప్రతిపాదనను చిలీ అంగీకరించింది, అర్జెంటీనా అంగీకరించలేదు. 1983 ఫిబ్రవరిలో సమొరే ఫలితము చూడకుండానే కన్నుమూశారు. 1982లో ఫాక్‌లాండ్ యుద్ధములో ఓడిన అర్జెంటీనా సైనిక ప్రభుత్వము మరుసటి ఏడు దిగిపోయింది. ఎన్నికైన అధ్యక్షుడు రౌల్ అల్ఫోన్సిన్ 1984 నవంబరు 25న ఈ పరిష్కారముపై ప్రజాభిప్రాయ సేకరణ జరిపించగా, ఓటు వేసినవారిలో నూటికి 80 మందికి పైగా సమ్మతించారు. నవంబరు 29న వాటికన్‌లో శాంతి స్నేహ ఒప్పందము కుదిరింది. ద్వీపాలు చిలీకి, సముద్ర హక్కులలో అధిక భాగము అర్జెంటీనాకు దక్కాయి.

ఫలించుటకు కారణాలు

న్యాయమూర్తుల తీర్పు, పోపు ప్రతిపాదన రెండూ ద్వీపాలను చిలీకే ఇచ్చాయన్నది గమనార్హము. తీర్పు ఓడినవారిని ఓడినవారుగానే మిగిల్చింది. మధ్యవర్తిత్వము వారికి సముద్రములో వాటాను, మనసు మార్చుకునే వ్యవధిని ఇచ్చింది. 1885లో కరోలిన్ ద్వీపాల కోసము జర్మనీ, స్పెయిన్ తగవుపడినప్పుడు పోపు 13వ లియో చేసినదీ ఇటువంటిదే: సార్వభౌమత్వము స్పెయినుకు, వర్తక స్వేచ్ఛ జర్మనీకి. అంతకుముందు కతోలిక సంఘముతో పోరాడిన బిస్మార్కే ఆయనను కోరుట విశేషము. 1870లో రోము పోయినందున అప్పటికి పోపుకు సెంటు భూమి కూడా లేదు. 1929 లాటరన్ ఒప్పందము 44 హెక్టారుల రాజ్యాన్ని తిరిగి ఇచ్చినా, ఇరు పక్షాలు కలిసి కోరితే తప్ప రాజ్యాల లౌకిక పోటీలకు దూరముగా ఉండాలని దాని 24వ అధికరణము నిర్దేశించింది. 1493లో పోపు ఆజ్ఞాపించాడు. 1979లో పోపును అడిగారు. ఆజ్ఞాపించే బలము పోయిన తరువాతనే ఆ మాటకు విలువ పెరిగిందని మా అభిప్రాయము.

పరిమితులు

అయితే ఆ బల్ల దగ్గర కూర్చున్నది ఎవరు? స్వంత ప్రజలను చెరబట్టి, హింసించి, చంపిన ప్రభుత్వాల దూతలే. అర్జెంటీనాలో మాయమైన 8,960 మంది వివరాలను ఆ దేశపు విచారణ సంఘము 1984లో నమోదు చేసింది. చిలీలో కార్డినల్ రౌల్ సిల్వా 1976లో నెలకొల్పిన సహాయ సంస్థ బాధిత కుటుంబాల పక్షాన నిలిచింది. అర్జెంటీనాలో పలువురు బిషప్పులు మౌనము వహించారు. నోరు తెరచిన బిషప్పు ఎన్రికే ఆంజెలెల్లి 1976లో మరణించగా, అది హత్యేనని 2014లో న్యాయస్థానము తేల్చింది. రాజ్యాల మధ్య తటస్థత మధ్యవర్తికి అవసరమే. చంపేవానికీ చచ్చేవానికీ మధ్య తటస్థత మాత్రము సువార్త పరిచర్య కాదు.

ఈ లోపమును బట్టి ఆ మేలును తక్కువ చేయలేము. సరిహద్దున నిలిచిన వేలాది యువకులు ప్రాణాలతో ఇంటికి చేరారు. కాని ఒప్పందము స్థిరపడినది సేనాధిపతుల సంతకముతో కాదు, అర్జెంటీనా ప్రజలను అడిగిన తరువాతనే. తగవులు తీర్చమని పిలుపు అందుకొనే మన సంఘ కాపరులు కూడా ఇరు పక్షాల పెద్దలను కూర్చోబెట్టేముందు, ఆ పంచాయితీకి రాలేనివారు ఎవరో మొదట విచారించాలి. వారిని కలుపుకొనకుండా కుదిర్చిన రాజీ సమాధానము అనిపించుకోదు.