నేల పొయ్యి నుంచి గ్యాస్ గట్టు దాకా

తెలంగాణలోని శ్రీరాంపూర్ బొగ్గుగనుల చుట్టుపక్కల పల్లెల్లో రెండు తరాల కింద వంటంతా నేల మీదే. పొయ్యి, రోలు, కత్తిపీట, ఇసుర్రాయి అన్నీ కూర్చున్న మనిషి చేతికందేవే. పోలియోతో కాళ్లు చచ్చుబడిన ఆడబిడ్డ పీట జరుపుకుంటూ పొయ్యి దగ్గరికొచ్చి కూర తరిగేది, రొట్టె కాల్చేది. ఆ వంటిల్లు ఆమె కోసమని కట్టింది కాదు, అయినా అందులో ఆమెకు చోటుంది. పొగ మాత్రం అందరి ఊపిరితిత్తులనూ తినేసింది.

ఆ పొగ వదిలించడానికే గ్యాస్ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999 నాటి దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్వల పేదింటికి సిలిండర్ చేర్చాయి. పొయ్యి సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలన్నది భద్రతా నియమం. 14.2 కిలోల సిలిండరే రెండడుగులుంటుంది కాబట్టి పొయ్యి నేల విడిచి గట్టు మీదికి చేరింది. నియమం అడిగింది సిలిండర్‌ను మించిన ఎత్తు మాత్రమే. మేస్త్రీలు కట్టింది నిలబడే మనిషి నడుమెత్తు. దాంతో కింద కూర్చున్న మనిషికి గిన్నెలో ఏముడుకుతోందో కనిపించదు. చక్రాల కుర్చీలో వెళ్తే మోకాళ్లు గట్టు కింది సిలిండర్‌కు తగులుతాయి.

పడమటి దేశాల్లో నిలబడి వండే వంటింట్లోకే కూర్చునే వీలు తెచ్చారు. మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ 1926లో రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటింట్లో తిరిగే స్టూలు ఉంది. 1940లలో అమెరికా ఇంజినీరు లిలియన్ గిల్‌బ్రెత్ గుండెజబ్బు ఉన్న గృహిణుల కోసం, వికలాంగుల కోసం వంటిళ్లు రూపొందించారు. కూర్చునే పని, చేతికందే దూరంలో సామాను, ఇవీ ఆమె సూత్రాలు. 1961లో అమెరికాలో వికలాంగులకు భవనాలు అందుబాటులో ఉండేందుకు తొలి జాతీయ ప్రమాణాలు, 1990లో వికలాంగుల చట్టం వచ్చాయి. నేటి అమెరికా ప్రమాణాల్లో చక్రాల కుర్చీకి వీలైన గట్టు ఎత్తు 34 అంగుళాలు మించకూడదు. కింద మోకాళ్లకు 27 అంగుళాల ఖాళీ, కుర్చీ తిప్పుకోవడానికి 60 అంగుళాల జాగా ఉండాలి.

మన దేశంలో 1995లో ఒకటి, 2016లో మరొకటి వికలాంగుల హక్కుల చట్టాలొచ్చాయి. రెండోది ప్రభుత్వ గృహ పథకాల్లో 5 శాతం వాటా ఇచ్చింది. హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం నివేదికను పరిశీలించిన సుప్రీంకోర్టు 2024 నవంబరులో తప్పనిసరి సౌలభ్య ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. మన దగ్గర సౌలభ్యం గురించిన మాట ఎక్కువగా ర్యాంపు, లిఫ్టు, మరుగుదొడ్డి చుట్టూనే తిరిగింది. పొయ్యి దాకా రాలేదు. ఇల్లు దక్కినా ఆ ఇంట్లో అన్నం వండుకోలేకపోతే హక్కు సగమే దక్కినట్టు.

తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షల సాయంతో లబ్ధిదారే దగ్గరుండి ఇల్లు కట్టుకుంటారు. గట్టు ఎత్తు చెప్పే వీలు ఇంటివాళ్లకే ఉంది. మీ ఇంట్లో కూర్చుని పనిచేసే మనిషి ఉంటే, బండ వేయకముందే మేస్త్రీకి చెప్పండి: కొంత మేర గట్టు 30 అంగుళాలకు దించాలి, దాని కింద ఖాళీ వదలాలి, సిలిండర్ పక్కకు జరపాలి.