కంచె, చేను, బాప్కో

ఈసారి ఒక సామెత, దానితో పాటు కొంచెం చరిత్ర.

"కంచే చేను మేస్తే" అన్న మాట నేను పుస్తకంలో నేర్చుకోలేదు. మనామాలో గుడి దగ్గర ప్రసాదం పొట్లాలు కడుతుంటే ఒక పెద్దావిడ చెప్పారు. కంచె చేనుకి కాపలా. అదే పంటని తినేస్తే ఇంక ఎవరితో చెప్పుకుంటాం?

బహ్రెయిన్‌లో చమురు 1932లో దొరికింది. ఆ చమురు చూసుకునే సంస్థ బాప్కో. 2019 డిసెంబర్ 29న దాని కంప్యూటర్ల మీద దాడి జరిగింది. ఆ వైరస్ పేరు డస్ట్‌మ్యాన్. అది డబ్బు అడగదు, డిస్కులో ఉన్నదంతా తుడిచేస్తుంది. దాన్ని మిగతా కంప్యూటర్లకి పంచింది ఎక్కడినుంచో తెలుసా? యాంటీవైరస్‌ని నడిపే చోటు నుంచే! సామెత అక్కడ నాకు బాగా అర్థమైంది.

ఎవరు చేశారు? నిపుణులు ఇరాన్ వైపు వేలు చూపించారు. 2012లో పక్కనే సౌదీ అరామ్కోలో షమూన్ అనే వైరస్ సుమారు 30,000 కంప్యూటర్లని పాడుచేసినప్పుడు కూడా అనుమానం ఇరాన్ మీదే. ఇరాన్ ఒప్పుకోలేదు.

డస్ట్‌మ్యాన్ గురించి సౌదీ ప్రభుత్వ సైబర్ సంస్థ హెచ్చరిక రాసింది. అందులో నష్టపోయిన సంస్థ పేరు లేదు. బాప్కో పేరు 2020 జనవరిలో పత్రికల ద్వారా బయటికి వచ్చింది. అంతకుముందు 2019 వేసవిలో కరెంటు, నీళ్ళ శాఖలోకి కూడా హ్యాకర్లు వచ్చారని వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. అప్పుడు ప్రభుత్వం, ఆరు నెలల్లో 60 లక్షలకు పైగా దాడులు ఆపామని చెప్పింది. లెక్క చెప్పారు గాని ఎవరి పనో చెప్పలేదు.

ఎందుకంటే, క్షిపణి ఎక్కడినుంచి వచ్చిందో కనిపిస్తుంది, వైరస్ అలా కాదు. పేరు చెబితే రుజువు చూపించాలి, తరవాత ఏదో ఒకటి చెయ్యాలి. ఇరాన్ సముద్రానికి అవతలి గట్టునే ఉంది. ఊరుకోవడం కూడా ఒక జవాబే.

కానీ కథలో ఇంకో సగం ఉంది. 2021లో కెనడాలోని సిటిజన్ ల్యాబ్, తొమ్మిదిమంది బహ్రెయినీ కార్యకర్తల ఫోన్లలోకి పెగాసస్ చొరబడిందని, వాళ్ళలో నలుగురి విషయంలో అది బహ్రెయిన్ ప్రభుత్వ పనేనని గట్టి నమ్మకంతో చెప్పింది. ప్రభుత్వం అది నిరాధారమంది.

బయటి దొంగ గురించి ప్రభుత్వం చెప్పకపోతే నాకు కారణం అర్థమవుతుంది. కంచె గురించి అడగాల్సి వస్తే మాత్రం ఎవరిని అడగాలి? పెద్దావిడ సామెత కూడా ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

నా తెలుగులో తప్పులుంటే దిద్దండి.