ఫోటో వద్దన్న అన్నపూర్ణ

2020 మార్చి ఆఖరున దేశమంతా తలుపులు మూసుకుని కూర్చుంది కదా! అప్పుడు కాకినాడలో మా వీధి చివర సగంలో ఆగిపోయిన మేడ దగ్గర కూలీల కుటుంబాలు కొన్ని చిక్కుకుపోయాయి. పని లేదు, కూలి లేదు, ఊరెళ్లిపోదామంటే బస్సు లేదు.

"మన వీధిలో ఇంటికో రెండు కిలోల బియ్యం అడిగితే ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు మా అబ్బాయి.

అంతే, ఇంటిల్లిపాదీ నడుం కట్టాం. వాడు మూతికి గుడ్డ కట్టుకుని గేటు గేటుకీ తిరిగాడు. నేను పప్పూ, ఉప్పూ, చింతపండూ పొట్లాలు కట్టాను. మావారు లెక్కలు రాశారు. మా అత్తగారు వచ్చిన బియ్యాన్ని చేటలో పోసి చూసి, పురుగు పట్టినవి నిర్మొహమాటంగా పక్కన పెట్టించేశారు. "మనం తినలేనిది ఒకరికెలా పెడతామే?" అన్నారావిడ.

మూడో రోజున పంపకం. మావారు ఫోను పైకెత్తారు. "బియ్యమిచ్చిన వాళ్లకి నమ్మకం కుదరాలిగా, ఒక్క ఫోటో!" అన్నారు. మాట న్యాయమైనదే. కానీ వరసలో ముందున్న ఆడమనిషి చప్పున కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ వెనకాయన సంచీ కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఫోటో వద్దండీ," అన్నాను.

"నీకన్నీ నవలల్లో మాటలే!" అన్నారాయన.

నవల కాదు, చరిత్రే! ఆ నిమిషాన నాకు గుర్తొచ్చింది మన జిల్లా ఆడపడుచే, డొక్కా సీతమ్మగారు.

ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరంగారిని ఊళ్లోవాళ్లు 'బువ్వన్న' అనేవారట, వచ్చినవాడికల్లా బువ్వ పెడతాడని. కాపరానికి వచ్చింది లంకల గన్నవరం, డొక్కా జోగన్నగారింటికి. ఆ ఊరెక్కడుందో తెలిస్తేగానీ ఆవిడ చేసిన పని విలువ బోధపడదు. కోనసీమ అంటే గోదావరి పాయల మధ్య నేల. ఆ రోజుల్లో అవతలి ఒడ్డుకి వెళ్లాలంటే పడవే గతి. గాలి కుదరాలి, నీరు కుదరాలి, పడవవాడి మనసు కుదరాలి. బాటసారి ఏ అర్ధరాత్రి ఒడ్డున పడతాడో వాడికే తెలీదు. హోటళ్లా, పాడా!

సత్రాలు లేవా అంటే, ఉండేవి. రాజులూ, జమీందార్లూ మాన్యాలిచ్చి పెట్టించినవి. వాటికో వేళ ఉండేది, చాలాచోట్ల కులం పట్టింపూ ఉండేది. సీతమ్మగారిది సత్రం కాదు, సంసారం. వేళా లేదు, కులమూ లేదు. ఖర్చు జోగన్నగారి పొలానిది, చాకిరీ ఆవిడది. అర్ధరాత్రి తలుపు తడితే మళ్లీ పొయ్యి రాజెయ్యడమంటే ఏమిటో మన ఆడవాళ్లకి వేరే చెప్పాలా?

ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్లు ఊరుకోబెడుతున్నారు, ఇంకాస్త దూరం వెళితే సీతమ్మగారింట్లో అన్నం పెడతారని. ఆ మాట చెవిన పడగానే పల్లకీ వెనక్కి తిప్పించేశారని చెప్పుకుంటారు.

ఇంకో కథ కూడా ఉంది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకపు ఉత్సవాలకి ఆవిడకి పిలుపొచ్చిందట. రానన్నారు. పోనీ ఫోటో అయినా ఇమ్మన్నారు. అదీ వద్దన్నారు. ఫోటో తీసుకెళ్లకపోతే మా ఉద్యోగాలు పోతాయని అధికారులు బతిమాలితే, వాళ్ల పొట్టకొట్టడం ఇష్టంలేక ఒప్పుకున్నారంటారు. పెట్టిన చెయ్యి కూడా ఫోటోకి సిగ్గుపడ్డ ఇల్లది! ఇక పుచ్చుకునే చెయ్యి ఎంత సిగ్గుపడాలి?

1909లో ఆవిడ కన్నుమూశారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టింది.

ఈ చరిత్రంతా ఆ వరస ముందు నిలబడి చెప్పలేదు లెండి. "సీతమ్మగారే వద్దన్నారండీ!" అన్నాను, అంతే. గోదావరి జిల్లా మనిషి కదా, మావారికి ఆ మాట చాలింది. ఫోను జేబులో పెట్టేసుకున్నారు. వెనకాయన మళ్లీ చెయ్యి చాచాడు.

మరి బియ్యమిచ్చిన వాళ్ల పేర్ల జాబితా కూడా చింపేశామనుకుంటున్నారా? అబ్బే! అది మా గేటుకి నెల్లాళ్లు వేలాడింది. అందులో మొదటి పేరు మాదే.