యుద్ధసేవ, కళాశాల విద్య: సాలూరు, ఉత్తరాంధ్ర

యుద్ధకాలంలో చదువు ఆపి సైన్యంలో చేరిన విద్యార్థులు తిరిగి వచ్చాక ఏమయ్యారు, డిగ్రీ ఎలా పూర్తిచేశారు, ఆ డిగ్రీతో ఏ బతుకుదారి పట్టారు అన్నది ఈ వ్యాసానికి విషయం. సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలకు ఈ చరిత్ర రెండో ప్రపంచ యుద్ధంతో మొదలై అగ్నిపథ్ పథకం వరకు సాగుతుంది. ఇందులో పదేపదే కనిపించేది ఒకటుంది. సైన్యం నుంచి వచ్చినవాడికి ప్రభుత్వం ఉద్యోగంలో వాటా ఇచ్చింది, వయసులో సడలింపు ఇచ్చింది. ఆగిపోయిన చదువును మళ్లీ అందుకునే దారి మాత్రం చాలాకాలం అతనికే వదిలేసింది.

నేపథ్యం

వేగావతి ఒడ్డున ఉన్న సాలూరు మైదానానికి చివర, తూర్పు కనుమలకు మొదలు. ఇక్కడి నుంచి సుంకి ఘాటీ మీదుగా కోరాపుట్, జయపురం వెళ్లే దారి ఉంది. బొబ్బిలి నుంచి సాలూరుకు శాఖా రైలు మార్గం 1913లో వచ్చింది. విజయనగరం, రాయపూర్ లైను 1931లో పూర్తయింది. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. అడవి సరుకు, ధాన్యం, కూలీలు కదిలిన ఈ దారుల్లోనే చదువుకోవాలనుకున్న పిల్లలూ కదిలారు. పట్టణం 1950 వరకు విశాఖపట్నం జిల్లాలో, 1979 వరకు శ్రీకాకుళం జిల్లాలో, 2022 ఏప్రిల్ 4 వరకు విజయనగరం జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది.

ఆ రోజుల్లో సాలూరు కుర్రాడికి కాలేజీ అంటే ముందుగా విజయనగరం మహారాజా కళాశాల. 1857లో పాఠశాలగా మొదలైన ఆ సంస్థ 1879లో కళాశాల అయింది. అక్కడి నుంచి పైచదువు విశాఖలో. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళా పరిషత్తు 1930లో వాల్తేరుకు వచ్చింది. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయల విరాళంతో దాని విజ్ఞానశాస్త్ర విభాగాలను నిలబెట్టారు. సాలూరు మీదుగా కొండెక్కితే వచ్చే సంస్థానం డబ్బుతో సముద్రపు ఒడ్డున ప్రయోగశాలలు లేచాయన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధం (1939-1945)

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టు ప్రకటించాడు. ఎవరినీ అడగలేదు. దానికి నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గం అదే ఏడాది అక్టోబరులో రాజీనామా చేసింది. యుద్ధారంభంలో సుమారు 2 లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలకు మించింది. 1928లో రద్దయిన మద్రాసు పదాతి దళాన్ని యుద్ధం మధ్యలో మళ్లీ లేపారు. దక్షిణాది వారు యుద్ధానికి పనికిరారని పక్కన పెట్టిన ప్రభుత్వమే ఇప్పుడు ఊరూరా జనాన్ని చేర్చుకుంది. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి ‘మిలటరీ మాధవరం’ అన్న పేరు స్థిరపడింది.

యుద్ధం ఉత్తరాంధ్ర గడప తొక్కింది 1942 ఏప్రిల్ 6న. జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ జనం మూటాముల్లె కట్టుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. అదే ఏడాది బర్మా జపాన్ వశం కావడంతో, కూలికోసం రంగూన్ వెళ్లిన ఉత్తరాంధ్ర కుటుంబాలు ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగొచ్చాయి. వాల్తేరు ఆవరణ మిలటరీ చేతికి పోయింది. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, 1946లో గానీ వెనక్కి రాలేదు. సి.ఆర్. రెడ్డి ఉపాధ్యక్షులుగా ఉన్న ఆ ఏళ్లలో ఉత్తరాది విద్యార్థికి పైచదువు ఒక్కసారిగా దూరమైంది. సైన్యంలో చేరినవాడికే కాదు, చేరనివాడికీ యుద్ధం చదువును తెంచింది. ఈ సంగతి స్థానిక చరిత్రల్లో దక్కవలసినంత చోటు దక్కలేదు.

చదువుకున్నవారికి సైన్యంలో పని దొరికింది తుపాకీ దగ్గర మాత్రమే కాదు. వైమానిక దళానికి యంత్రాలు తెలిసినవారు కావాలి, సిగ్నల్స్‌కు ఇంగ్లీషు వచ్చినవారు కావాలి, జమాఖర్చులకు గుమాస్తాలు కావాలి. 1943 ఏప్రిల్ 3న ఏర్పడిన ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్‌కు వైద్యులు కావాలి. 1942లో ఏర్పడిన మహిళా సహాయక దళం చదువుకున్న యువతులకూ తలుపు తెరిచింది. కళాశాలల్లోని విశ్వవిద్యాలయ శిక్షణ దళం అధికారుల తయారీ కేంద్రంగా మారింది.

ఒక విద్యార్థి: ఆరుద్ర

ఈ తరానికి ఉత్తరాంధ్రలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఆరుద్ర. అసలు పేరు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి. 1925లో పుట్టారు, 1942లో కాలేజీ చదువుకు విజయనగరం వచ్చారు. ఇంగ్లీషు అధ్యాపకుడు రోణంకి అప్పలస్వామి, కథకుడు చాగంటి సోమయాజులు ఉన్న ఊరది. తరగతి గదిలో దొరకని చదువు వాళ్ల సావాసంలో దొరికింది. 1943లో ఆయన వైమానిక దళంలో చేరారు, 1947 వరకు పనిచేశారు.

బయటికొచ్చాక ఆరుద్ర డిగ్రీ కోసం కాలేజీ మెట్లు ఎక్కలేదు. మద్రాసు వెళ్లి ‘ఆనందవాణి’ పత్రికలో సంపాదకత్వం చూశారు, 1949లో ‘త్వమేవాహం’ కావ్యం వెలువరించారు, సినిమా పాటల్లోకి వచ్చారు. తర్వాతి దశాబ్దాల్లో ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాశారు. పట్టా లేని మనిషి రాసిన ఆ సంపుటాలను పట్టాల కోసం చదివేవారు నేటికీ తిరగేస్తున్నారు. ఆయన ప్రతిభ చూసి ‘కాలేజీ లేకపోతేనేం’ అనుకోవడం సులువు. అదే ఏడాది అదే కాలేజీ వదిలి, ఆ ప్రతిభ లేకుండా తిరిగొచ్చిన మామూలు కుర్రాడి సంగతి వేరు. అతనికి చదువు ఒక్కటే ఆసరా. ఆరుద్ర మేనమామ శ్రీశ్రీది తిరగేసిన కథ. 1931లోనే బి.ఏ. పట్టా చేతికొచ్చినా డిమాన్‌స్ట్రేటరుగా, ఉపసంపాదకుడిగా, రేడియోలో, సైన్యంలో రకరకాల కొలువులు మారవలసి వచ్చింది. డిగ్రీ ఉన్నంత మాత్రాన ఆ రోజుల్లో కడుపు నిండేది కాదు.

తిరిగి వచ్చినవారి ఏర్పాట్లు (1945-1948)

యుద్ధం ముగిశాక లక్షలమందిని ఇంటికి పంపేయవలసి వచ్చింది. 1945 జులైలో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ ఏర్పడింది. విడుదలైన సైనికులకు పని చూపించడం కోసం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు తెరిచారు. దేశ విభజన తర్వాత అవి శరణార్థులకు, 1948 ఆరంభం నుంచి అందరికీ అందుబాటులోకి వచ్చాయి. తర్వాతి తరాల ఉత్తరాంధ్ర నిరుద్యోగ పట్టభద్రులు పేరు నమోదు చేయించుకుని, కాల్ లెటర్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన కార్యాలయం పుట్టుక ఇదీ. యుద్ధసేవ చేసినవారికి ప్రభుత్వ కొలువుల్లో వాటా కూడా కేటాయించారు.

చదువు విషయంలో ఆలోచన లేకపోలేదు. 1944లో జాన్ సార్జెంట్ ఆధ్వర్యంలో యుద్ధానంతర విద్యాభివృద్ధి నివేదిక వచ్చింది. అది దేశం మొత్తానికి నలభై ఏళ్ల ప్రణాళిక. రేపు రైలు దిగి ఇంటికొచ్చే సైనికుడికి నలభై ఏళ్ల ప్రణాళికతో ఏం పని? అదే సమయంలో అమెరికా 1944 జూన్ 22న జి.ఐ. బిల్లు చట్టం చేసి, తిరిగొచ్చిన సైనికుడి కాలేజీ ఫీజు, పుస్తకాల ఖర్చు, బతుకు భత్యం తానే భరించింది. 1947లో అక్కడి కాలేజీల్లో చేరినవారిలో దాదాపు సగం మంది మాజీ సైనికులే. 1956 నాటికి సుమారు 78 లక్షల మంది ఆ చట్టం కింద చదువో శిక్షణో పొందారు. అంత డబ్బు మన దగ్గర లేదన్నది నిజమే. కానీ ఆ యుద్ధంలో మనవాళ్లు చిందించిన నెత్తురు తక్కువేమీ కాదు. వాళ్లను పంపిన ప్రభుత్వం లండన్‌లో ఉంది, వాళ్ల భవిష్యత్తు మాత్రం మన పల్లెల మీద పడింది.

ముందేమిటన్న బెంగ తిరుగుబాటు రూపం కూడా తీసుకుంది. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో మొదలైన నౌకాదళ తిరుగుబాటులో నావికుల డిమాండ్లలో మంచి తిండి, ఆజాద్ హింద్ ఫౌజ్ ఖైదీల విడుదలతో పాటు త్వరగా సేవ నుంచి విడుదల చేసి పునరావాసం చూపాలన్నదీ ఉంది. విశాఖలోని నావికులూ అందులో కలిశారు.

చైనా యుద్ధం, అత్యవసర కమిషన్లు

1962 అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు పిలుపు నేరుగా కాలేజీలకే వచ్చింది. అధికారుల కొరత తీర్చడానికి 1963 జనవరి 15న మద్రాసులో, పూనాలో ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూళ్లు పెట్టారు. అక్కడ కొన్ని నెలల శిక్షణతో యువకులకు అత్యవసర కమిషన్ ఇచ్చారు. 1963లోనే కాలేజీ కుర్రాళ్లకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. 1968లో మళ్లీ ఐచ్ఛికం చేశారు. ఆ అయిదేళ్లు డిగ్రీ చదివినవారికి ఖాకీ బట్టలు, పొద్దున్నే పరేడు చదువులో భాగమే.

అత్యవసర కమిషన్ శాశ్వతం కాదు. విడుదలైన అధికారుల కోసం అఖిల భారత సర్వీసుల పరీక్షల్లో కొన్నేళ్లపాటు ఖాళీలు ప్రత్యేకించారు. 1945 నాటి పద్ధతే ఇక్కడా నడిచింది. అయితే వీరిలో చదువుకున్నవారు ఎక్కువ కనుక పోటీ పరీక్ష వారికి నిజంగా ఉపయోగపడే దారి అయింది. పదో తరగతితో చేరిన సిపాయికి ఆ దారి లేదు.

ఈ ప్రాంతంలో అప్పుడు పుట్టిన ముఖ్యమైన సంస్థ కోరుకొండ సైనిక్ స్కూలు. 1962 జనవరి 18న, చైనా యుద్ధానికి తొమ్మిది నెలల ముందు, పి.వి.జి. రాజు ఇచ్చిన కోరుకొండ కోటలో అది ప్రారంభమైంది. సైన్యానికి వెళ్లాక చదువు కాకుండా, చదువు ద్వారానే సైన్యానికి వెళ్లే దారి అది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలర్పించి మహావీర చక్ర పొందిన కల్నల్ సంతోష్‌బాబు అక్కడే చదివారు.

సిపాయి డిగ్రీ

ఉత్తరాంధ్రలో ‘మిలటరీకెళ్లాడు’ అనే మాటకు కుటుంబానికి నెలనెలా డబ్బు, తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి అని అర్థం. 2022కు ముందు ఇంటర్ కాగానే పరుగు ప్రాక్టీసు మొదలుపెట్టి, ర్యాలీలో ఎంపికై వెళ్లిన కుర్రాడు పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు చేసి ముప్పై అయిదు దాటకుండానే పెన్షనుతో ఇంటికొస్తాడు. అప్పటికి పిల్లలు బడిలో ఉంటారు. రెండో ఉద్యోగం తప్పనిసరి.

1979 నాటి కేంద్ర పునరుద్యోగ నిబంధనలు మాజీ సైనికులకు గ్రూప్-సి లో 10 శాతం, గ్రూప్-డి లో 20 శాతం ఖాళీలు కేటాయించాయి. పదో తరగతి పాసై పదిహేనేళ్ల సర్వీసు ఉంటే కొన్ని ఉద్యోగాలకు పట్టభద్రుడితో సమానంగా చూసే నిబంధన ఆ తర్వాత వచ్చింది. రాష్ట్ర ఉద్యోగాల్లో 2 శాతం వాటా ఉంది. అయితే సమాన అర్హత వేరు, డిగ్రీ వేరు. బి.ఇడి. చేసి బడిపంతులు కావాలన్నా, ఎం.ఏ. చదవాలన్నా అసలు పట్టా కావాల్సిందే.

ఆ పట్టా సిపాయికి అందింది సార్వత్రిక విద్యతో. 1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొదటిది. ఇప్పుడది అంబేద్కర్ పేరుతో ఉంది. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చాక, ఎక్కడ పోస్టింగు పడితే అక్కడ పాఠాలు తెప్పించుకుని, సెలవులో పరీక్ష రాసే పద్ధతి బారకాసుల్లో మామూలైంది. యుద్ధసేవ తర్వాతి చదువు చరిత్రలో నా లెక్కన ఉద్యోగ కోటాల కన్నా పెద్ద మలుపు ఇదే. ఎవరి దయా లేకుండా, సర్వీసులో ఉండగానే చదువుకునే వీలు దీంతోనే వచ్చింది.

కాలేజీ సీటు మాత్రం చివరికి పిల్లలకు దక్కింది. ఇంజనీరింగ్ ప్రవేశాల్లో సైనికుల పిల్లల కోటా 2 శాతం ఉంది. 2006-07 నుంచి మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఇస్తున్నారు. తండ్రి వదులుకున్న చదువు ఈ దారిన బిడ్డకు చేరుతోంది.

అగ్నిపథ్ తర్వాత

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ ఈ లెక్కంతా మార్చింది. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత 25 శాతం మందికే కొనసాగింపు, మిగిలినవారికి పెన్షను లేకుండా సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి. మూడు రోజుల్లోనే, జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో ఆందోళన హింసాత్మకమై ఒక యువకుడి ప్రాణం పోయింది. సైన్యం కోసం ఏళ్ల తరబడి పరుగు తీసిన కుర్రాళ్ల భయం అర్థం చేసుకోదగ్గది. పెన్షనే వాళ్ల భవిష్యత్ ప్రణాళిక.

అగ్నివీరుల కోసం ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రత్యేక డిగ్రీ రూపొందించింది. సగం క్రెడిట్లు సైన్యంలో నేర్చిన నైపుణ్యానికి, మిగతా సగం తాము ఎంచుకున్న పాఠ్యాంశాలకు. సేవనే చదువుగా లెక్కగట్టడం ఇందులో కొత్త. 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టిన తొలి జట్టు నాలుగేళ్లు 2026 చివరికి, 2027 ఆరంభానికి పూర్తిచేస్తుంది. ఇరవై ఒకటి నుంచి ఇరవై ఏడేళ్ల మధ్య వయసులో, అంటే పి.జి. చదివే ఈడులో, వాళ్లు ఇళ్లకొస్తారు. 1946 తర్వాత ఇంత చిన్న వయసు వాళ్లు ఇంతమంది ఒక్కసారిగా తిరిగిరావడం ఇదే మొదలు. గిరిజనుల కోసం 2019లో విజయనగరం దగ్గర తరగతులు మొదలుపెట్టిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి శాశ్వత ఆవరణ మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో వస్తోంది. సాలూరుకు తిరిగొచ్చే అగ్నివీరుడికి పై డిగ్రీ చదవడానికి విశాఖ కన్నా అదే దగ్గర.